ఎండకు అలవాటుపడిన ఒళ్లు, ఇసుకకు కొత్త కాళ్లు: తొలి ఎడారి ట్రెక్‌లో శరీరానికి ఎదురయ్యే పరీక్ష

సంక్షిప్తంగా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఎండ కొత్త కాదు. అయితే థార్ ఎడారిలో ట్రెక్‌లు జరిగేది చలికాలంలో. అక్కడ తొలిసారి రోజుల తరబడి నడిచేవాళ్లను ముందుగా కుంగదీసేవి మెత్తటి ఇసుక, పొడిగాలి, వరుస రోజుల అలసట, పాదాల బొబ్బలు, రాత్రి చలి. వేసవిలో వచ్చిన ఓర్పు వీటిలో దేనికీ పెద్దగా పనికిరాదు. కావలసిన సాధనకు మాత్రం ఈ రెండు జిల్లాల్లోనే మంచి చోట్లున్నాయి. కాకపోతే దాన్ని ఈశాన్య రుతుపవనాలు రాకముందే మొదలుపెట్టాలి.

చలికాలం సెలవులు దగ్గరపడితే జైసల్మేర్ వైపు వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో కొందరు జీపు సఫారీతో, ఒంటె మీద ఫొటోతో ఆగకుండా నాలుగైదు రోజులు ఇసుకలో నడిచే ట్రెక్‌లకు పేర్లిస్తున్నారు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా లాంటి సంస్థలు ఇలాంటి ట్రెక్‌లు నడుపుతూ వచ్చాయి. నెల్లూరు, ఒంగోలు నుంచి బయల్దేరేవాళ్లలో ఒక ధీమా కనిపిస్తుంది: రోహిణి కార్తె ఎండల్నే తట్టుకున్నాం, ఎడారి ఒక లెక్కా అని. ఈ ధీమాలో కొంత నిజం ఉంది. ఎంతవరకు నిజమో, ఎక్కడ మోసం చేస్తుందో తెలియాలంటే వేడి, ఇసుక, నీరు ఒంటి మీద ఎలా పనిచేస్తాయో విడివిడిగా చూడాలి.

## ఉక్కపోత వేరు, పొడిగాలి వేరు

మనిషి ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆవిరి కావడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. అదే చెమట బొట్లుగా కారి నేల మీద పడితే పోయే వేడి దాదాపు ఏమీ ఉండదు. మట్టికుండలో నీళ్లు పొడిగాలి రోజున చల్లగా ఉండి, ముసురు పట్టిన రోజున అంత చల్లబడకపోవడానికి కారణం కూడా ఇదే.

నెల్లూరు తీరంలో గాలి నిండా తేమ. చెమట పట్టిన చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, నుదుటి మీద నుంచి కారుతుంది. నీళ్లు పోతున్నాయని మనిషికి కంటికి కనిపిస్తుంది కాబట్టి వెంటనే తాగుతాడు. థార్‌లో ఆ హెచ్చరిక ఉండదు. పొడిగాలిలో చెమట పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా, హాయిగా అనిపిస్తుంది. సాయంత్రానికి చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే గానీ ఎంత పోయిందో తెలియదు. ఉక్కపోతకు అలవాటుపడినవాళ్లు చెమట కారడం లేదు కాబట్టి నీళ్లు అక్కర్లేదనుకుంటారు. ఎడారిలో మొదటి రోజు జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు సంగతి కొంత వేరు. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో మేలో వీచే వడగాలి తీరప్రాంతపు ఉక్కకంటే ఎడారి గాలికే దగ్గర. గాలి వేడి చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను దాటితే, వీచే గాలి ఒంటిని చల్లబరచకపోగా వేడిని తెచ్చి పోస్తుంది. అక్కడి గొర్రెల కాపరులు మండుటెండలో కూడా ఒంటి నిండా బట్ట కప్పుకొని, తలపాగా చుట్టుకొని తిరిగేది అందుకే. ఎడారి నడకకు సరైన దుస్తులు ఎలా ఉండాలో ఏ ట్రెక్కింగ్ షాపుకన్నా వాళ్లే బాగా చూపిస్తారు: వదులుగా, పొడుగు చేతులతో, మెడ కప్పేలా.

## వేసవి ఓర్పు సంక్రాంతి దాకా నిలవదు

వేడికి ఒళ్లు అలవాటుపడటం నిజమే. రోజూ కొంతసేపు ఎండలో ఒళ్లు వంచి పనిచేస్తే వారం నుంచి రెండు వారాల్లో మార్పులు వస్తాయి. ముందు రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మా పెరుగుతుంది, దాంతో గుండె మీద భారం తగ్గుతుంది. తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. కానీ ఈ మార్పులు శాశ్వతం కాదు. ఎండలో పని ఆగిపోతే మూడు నాలుగు వారాల్లో చాలావరకు పోతాయి.

పైగా, ఎండలు కాసే ఊళ్లో ఉండటమూ ఎండలో పనిచేయడమూ ఒకటి కాదు. ఇస్కపల్లి ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లకు, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేవాళ్లకు ఈ ఓర్పు ఉంటుంది. ఏసీ గదిలో పనిచేసి, ఏసీ కారులో ఇంటికి వెళ్లే నెల్లూరు ఉద్యోగికి అది బెంగళూరు ఉద్యోగికున్నంతే ఉంటుంది. 2015 మేలో వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. మరణాలు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. వేడి ప్రాంతంలో పుట్టినంత మాత్రాన ఎవరికీ రక్షణ దొరకదు.

ఇంకో విషయం. థార్‌లో భయపెట్టే వేడి ఉండేది వేసవిలో. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. అలాంటి కాలంలో కొత్తవాళ్లకు ట్రెక్‌లు పెట్టరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగే ట్రెక్ కాలంలో జైసల్మేర్ పగటి వేడి 25 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. అంటే నెల్లూరు వాళ్లు దేని మీద ధీమా పెట్టుకుంటారో, ఆ పరీక్ష అప్పుడు అక్కడ పెద్దగా ఎదురుకాదు. ఎదురయ్యేది కాళ్ల కింద ఉంటుంది.

## ఇసుక అడుగడుగునా లాక్కునే శక్తి

గట్టి నేల మీద నడిచేటప్పుడు పాదం వెనక్కి నెడితే నేల ఎదురు నెడుతుంది, మనిషి ముందుకు కదులుతాడు. ఇసుకలో ఆ బలంలో చాలాభాగం ఇసుకను పక్కకు తోయడానికే ఖర్చవుతుంది. మడమ దిగబడుతుంది, దాన్ని పైకి లాగాలి, కాలి వేళ్లతో నెట్టేసరికి ఇసుక వెనక్కి జారుతుంది. గట్టి నేల మీద పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువు స్ప్రింగులా సాగి, ముడుచుకొని ప్రతి అడుగులో కొంత శక్తిని తిరిగి ఇస్తుంది. ఇసుక ఆ తిరిగివచ్చే శక్తిని మింగేస్తుంది, ఆ లోటును కండరాలు భరించాలి.

ఒకే వేగంతో నడిస్తే మెత్తటి ఇసుకలో గట్టి నేల మీద కంటే 2.1 నుంచి 2.7 రెట్ల శక్తి ఖర్చవుతుందని కొలిచి చూసిన పరిశోధన ఉంది. పరుగులో ఈ తేడా సుమారు 1.6 రెట్లే. నడకకే ఎక్కువ దెబ్బ అన్నమాట. దీని ప్రకారం మెత్తటి ఇసుకలో 12 కిలోమీటర్లు నడవడం రోడ్డు మీద కనీసం పాతిక కిలోమీటర్లు నడవడంతో సమానం. ట్రెక్ కరపత్రంలో రోజుకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు అని చూసి అంతేనా అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఖర్చయిన శక్తిలో నాలుగింట మూడొంతులకు పైగా ఒంట్లో వేడిగానే మిగులుతుంది. అందుకే బయట 25 డిగ్రీలే ఉన్నా ఇసుకలో నడిచేవాడికి లోపల నుంచి వేడి పుడుతూనే ఉంటుంది. చల్లటి రోజున కూడా ఒళ్లు నీళ్లు కోల్పోతుంది.

థార్ అంతా మెత్తటి ఇసుకే కాదు. దిబ్బల మధ్య గట్టి మైదానాలు, పొదలు, జమ్మి చెట్లు, జిల్లేడు కనిపిస్తాయి. మన వైపు చిల్లకంప అనే సర్కారు తుమ్మ అక్కడా పాకింది. దాని ముల్లు పల్చటి బూటు అడుగును చీల్చుకు వస్తుంది. ఇసుక దిబ్బకు కూడా రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది. గాలి మరుగున ఉండే వైపు సుమారు 33 డిగ్రీల వాలుతో ఇసుక వదులుగా జారుతూ ఉంటుంది. ఆ వైపు నుంచి ఎక్కితే వేసిన అడుగులో సగం వెనక్కే పోతుంది. అనుభవం ఉన్న గైడు దూరం పెరిగినా దిబ్బ అంచు మీదుగా, గట్టి వాలు వెంట చుట్టు తిప్పి తీసుకెళ్తాడు. దగ్గర దారి అని నేరుగా ఎక్కే కొత్తవాళ్లు గంటలో అలిసిపోతారు.

## తిరుపతి నడక లెక్క ఇక్కడ ఎందుకు కుదరదు

నెల్లూరు నుంచి గూడూరు, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి 130 కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్లే భక్తులు ఎందరో ఉన్నారు. వాళ్లకున్న ఓపిక నిజమైనది, దాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ నడక తారు రోడ్డు మీద సాగుతుంది. దారి పొడవునా మజ్జిగ, అన్నదానాలు, నీళ్లు, కాలు లాగితే కూర్చోడానికి అరుగు, మరీ కష్టమైతే బస్సు ఉంటాయి. ఎడారిలో నీళ్లు వెంట రావాలి. లీటరుకు కిలో చొప్పున మోయాలి, లేదా ఒంటె మోయాలి.

కండరాల నొప్పి సంగతి ఇంకా ముఖ్యం. అలవాటు లేని నడక, ముఖ్యంగా దిబ్బలు దిగేటప్పుడు తొడలు బ్రేకు వేసినట్టు బిగుసుకునే నడక, కండర పోగుల్లో సన్నటి చిరుగులు తెస్తుంది. ఆ నొప్పి వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మొదటి రోజు ఉత్సాహంగా ముందు నడిచినవాడు రెండో రోజు ఉదయం గుడారంలోంచి లేవలేకపోవడం ఇందుకే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే చక్కెర ఇంధనం కూడా సుమారు అర కిలో మాత్రమే. సాయంత్రం ఆకలి లేదని పడుకుంటే మర్నాటికి ఆ నిల్వ నిండదు. తొలి ట్రెక్ మొదటి రోజు ఎంత నిదానంగా నడిస్తే అంత మంచిది. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే సరైన వేగం.

వరుసగా నడవడం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే పుణేకు చెందిన సుచేతా కడేఠాణ్‌కర్ ఉదాహరణ ఉంది. 2011లో ఆమె 1,600 కిలోమీటర్లకు పైగా నడిచి గోబీ ఎడారిని దాటారు. యాభై రోజుల పైచిలుకు సాగిన ఆ ప్రయాణాన్ని లెక్కేస్తే రోజుకు ముప్పై కిలోమీటర్లు. ఒక రోజు వేగం చూసుకుని నడిస్తే అది సాధ్యం కాదు. మర్నాడు మళ్లీ నడవగలిగేలా ప్రతిరోజూ మిగుల్చుకోవాలి.

## పాదాలు

ట్రెక్‌ను మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామంది గుండె ఆగో, ఊపిరి అందకో వదిలేయరు. పాదాల బొబ్బల వల్ల వదిలేస్తారు. చర్మం ఒక వైపుకు, లోపలి ఎముక ఇంకో వైపుకు కదిలినప్పుడు మధ్య పొరలు విడిపోయి నీరు చేరుతుంది. తడి, వేడి, ఇసుక రేణువులు ఈ రాపిడిని పెంచుతాయి. చెప్పులతో, వట్టి కాళ్లతో తిరిగే అలవాటున్నవాళ్ల మడమ గట్టిగా ఉన్నా, బూటు ఒరిసే చోట చర్మం మెత్తగానే ఉంటుంది.

నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి బూటు సాయంత్రం పూట కొనాలి, అర సైజు పెద్దది తీసుకోవాలి. ఇసుక దూరకుండా చీలమండ చుట్టూ గైటర్లు (బూటు పైభాగాన్ని కప్పే తొడుగులు) కట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడైనా చురుక్కుమన్న క్షణమే ఆగి, ఇసుక దులిపి, టేపు వేసుకోవడం. అందరూ ఆగాల్సి వస్తుందని మొహమాటపడి గంట ఓర్చుకుంటే మూడు రోజుల నడక పోతుంది.

## నీళ్లు ఎన్ని, ఉప్పు ఎంత

ఒంటి బరువులో రెండు శాతం నీరు తగ్గితే నడిచే శక్తి తగ్గడం మొదలవుతుంది. పది శాతం దగ్గరకు వస్తే ప్రాణాపాయం. ఒంటె తన బరువులో పాతిక శాతం దాకా నీరు కోల్పోయినా నిలబడుతుంది. ఒంటి వేడిని 34 నుంచి 41 డిగ్రీల మధ్య మారనిచ్చి చెమటను పొదుపు చేస్తుంది. మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఉన్నదంతా చెమటే, దానికి నీళ్లు పోస్తూ ఉండాలి. చలికాలపు ట్రెక్‌లో పెద్దవాళ్లకు రోజుకు నాలుగైదు లీటర్లు అవసరమవుతాయి. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. చలిలో దాహం తక్కువగా వేస్తుంది, మూత్రం ఎక్కువగా పోతుంది. అందుకే ఒక్క దాహాన్నే నమ్ముకోకుండా ఉదయం మూత్రం రంగు చూసుకోవాలి. లేత పసుపు ఉంటే ఫర్వాలేదు, ముదురు రంగైతే నీళ్లు చాలడం లేదు.

ఇక్కడ ఇంకో వైపు ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి తక్కువ మందికి తెలుసు. ఒక లీటరు చెమటతో సుమారు ఒక గ్రాము దాకా సోడియం పోతుంది. ఆ ఉప్పు తిరిగి ఇవ్వకుండా వట్టి నీళ్లే గంట గంటకూ బలవంతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే తలనొప్పి, వాంతి, అయోమయం మొదలై, ముదిరితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి. లక్షణాలు ఎండదెబ్బ లాగే ఉండటంతో పక్కవాళ్లు ఇంకా నీళ్లు తాగిస్తారు, ప్రమాదం పెరుగుతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, కడుపు నిండి కదలాడటం, తెల్లటి మూత్రం మాటిమాటికీ రావడం ఇందులో గుర్తులు.

మందు ఖరీదైనదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు సరిపోతుంది. అందులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, పొటాషియం, సిట్రేట్ ఉంటాయి. గ్లూకోజు ఉంటేనే పేగు సోడియాన్ని, దాంతోపాటు నీటిని త్వరగా లోపలికి తీసుకుంటుంది. రుచి కోసమని ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో కలపకూడదు. అలా కలిపితే అది నీటిని పేగులోకి ఎదురు లాగుతుంది. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు ఇంట్లో దొరికేవాళ్లకు ఉప్పు, చక్కెర వేసిన నిమ్మరసం అలవాటైన పానీయమే. పలచటి ఉప్పు మజ్జిగ, రాగి జావ ట్రెక్‌కు ముందు వారాల్లో ఎండ సాధనకు చక్కగా సరిపోతాయి.

## రాత్రి

నెల్లూరులో డిసెంబరు రాత్రి కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. సముద్రం పగటి వేడిని పట్టి ఉంచుతుంది, గాలిలో తేమ దుప్పటిలా కప్పి ఉంచుతుంది. జైసల్మేర్‌కు ఈ రెండూ లేవు. పొడి ఇసుక పై పొరలోనే వేడెక్కి, పొద్దుగూకగానే ఆ వేడిని మబ్బు లేని ఆకాశంలోకి వదిలేస్తుంది. జనవరి రాత్రుల్లో 8 డిగ్రీలు మామూలు, ఒక్కోసారి ఐదు కంటే కిందికి దిగుతుంది. ఉన్ని బట్టలు ఎప్పుడూ కొనని ఇంటి నుంచి వెళ్లేవాళ్లకు ఇదే అసలు దెబ్బ. చలికి నిద్ర పట్టకపోతే కండరాలు కోలుకోవు, మర్నాటి ఇసుక రెట్టింపు బరువవుతుంది. పొద్దు వాలకముందే చెమట చొక్కా విప్పి పొడి బట్ట వేసుకోవాలి, చాపకింద మరో పొర వేయాలి, మంచి స్లీపింగ్ బ్యాగ్ అద్దెకైనా తెచ్చుకోవాలి.

## సాధన ఎక్కడ, ఎప్పుడు

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లు ఇసుక నడక సాధనకు చక్కటి చోట్లు. అయితే అలల తడి ఇసుక రోడ్డులా గట్టిగా ఉంటుంది. దాని మీద ఎన్ని కిలోమీటర్లు నడిచినా ఎడారి కాళ్లు రావు. తడి గీతకు పైన, సరుగుడు తోటల వైపు ఉండే పొడి ఇసుకలో నడవాలి. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు మీదే భారం పడకుండా వెళ్లినంత దూరం వెనక్కి రావాలి. సోమశిల నుంచి నీళ్లు వదలని రోజుల్లో పెన్నా ఇసుక మరో మంచి చోటు. ఎక్కి దిగడానికి ఉదయగిరి కొండ ఉంది. తొడలు గట్టిపడటానికి ఆ దిగుడు ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడ కాలం లెక్క ఒకటి ఉంది. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాను హెచ్చరికలు. జనవరి ట్రెక్‌కు నవంబరులో సాధన మొదలుపెడదామనుకుంటే తుపాను హెచ్చరికలకు బీచ్ మూసేయవచ్చు, పెన్నాలో నీళ్లుండవచ్చు. అందుకే ఆగస్టులోనే మొదలుపెట్టాలి. మొదట వారానికి మూడు రోజులు ముప్పావుగంట నడిచి, సెప్టెంబరు చివరికి శని, ఆదివారాలు వరుసగా రెండు మూడు గంటలు వెళ్లాలి. ఈ వరుస రోజుల నడకే అసలైన సాధన. నొప్పితో ఉన్న కాళ్లతో ఆదివారం ఎలా నడవాలో శనివారం నేర్పదు. సంచి బరువు రెండు కిలోలతో మొదలుపెట్టి ట్రెక్‌లో మోసేంత దాకా పెంచుకోవాలి. వాన రోజుల్లో మెట్లు ఎక్కి దిగితే కొంతవరకు సరిపోతుంది. ట్రెక్‌లో వేసుకునే బూట్లనే సాధనలో వాడాలి.

## ఎవరు డాక్టరును కలిసి వెళ్లాలి, ఎప్పుడు ఆగిపోవాలి

బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకు నీరు, ఉప్పు త్వరగా తగ్గుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు రెట్టింపు శక్తి ఖర్చయ్యే నడకలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ పుండయ్యేదాకా తెలియదు. ఆస్తమా ఉన్నవాళ్లను దుమ్ము, చల్లటి పొడిగాలి ఇబ్బంది పెడతాయి. వీళ్లంతా మాత్రల మోతాదు గురించి ముందే మాట్లాడుకొని వెళ్లాలి. కాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకొని నడక సాగించడం చాలా చోట్ల కనిపించే అలవాటు. నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీకి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. మూత్రం కోలా రంగులోకి మారితే కండరాలు కరుగుతున్నాయని అర్థం. అప్పుడు నడక ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

దుమ్ము గాలి లేస్తే ఉన్నచోటే కూర్చొని ముఖం కప్పుకోవాలి. 1994లో మొరాకోలో జరిగిన మారథాన్ దె సాబ్ల్ అనే ఎడారి పరుగు పోటీలో ఇటలీకి చెందిన మావ్రో ప్రోస్పెరి ఇసుక తుపానులో ఆగకుండా కదులుతూ దారి తప్పాడు. వారం దాటాక అల్జీరియాలో దొరికాడు, బతికాడు గానీ బాగా చిక్కిపోయాడు.

మాట తడబడినా, నడక తూలినా, ఎక్కడున్నామో చెప్పలేకపోయినా అది అలసట కాదు. అలాంటి మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిపి విసురుతూ వెంటనే వాహనాన్ని పిలిపించాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంత దూరం రాకుండా చూసుకునే అవకాశం మొదటి రోజు సాయంత్రమే ఉంటుంది. మడమ ఒరిసిందా, వాంతి వస్తోందా, మూత్రం తగ్గిందా అన్నది ఆ రాత్రి మొహమాటం లేకుండా గైడుకు చెప్పాలి. మర్నాటి దారి మార్చడానికైనా, సంచిని ఒంటె మీదికి ఎక్కించడానికైనా, రోడ్డు దగ్గర ఉండగానే వెనక్కి పంపడానికైనా గైడుకు వీలుండేది అప్పుడే.